పర్సులో నాలుగు డాలర్లు

కథ మొదలుపెట్టే ముందు ఆ మనిషి జేబులో ఎంతుందో నోట్‌బుక్కులో రాసుకుంటాను. ఈ అలవాటు నాకు విద్యానగర్ నుంచి తార్నాకకు నడిచే దారిలో అబ్బింది.

ఆ దారిలోని ఉస్మానియా క్యాంపస్‌లో 1964లో అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్ మొదలైంది. ఇప్పుడు పేరు మారింది గానీ, ఒకప్పుడు అమెరికన్ సాహిత్యం చదివేవాళ్లు దేశం నలుమూలల నుంచీ ఆ లైబ్రరీకి వచ్చేవాళ్లు. థియొడోర్ డ్రైజర్ ‘సిస్టర్ క్యారీ’ నేను అక్కడే చదివాను. 1889లో క్యారీ అనే పద్దెనిమిదేళ్ల పిల్ల షికాగో రైలెక్కుతుంది. చిన్న పెట్టె, కాగితపు డబ్బాలో తిండి, పసుపుపచ్చ తోలుపర్సులో టికెట్టు, అక్క ఇంటి అడ్రసు, నాలుగు డాలర్లు. పిల్ల ముఖం ఇంకా మనకు ఆనకముందే పర్సు విప్పి చూపించాడు డ్రైజర్!

ఆ లెక్క ఎక్కడా ఆగదు. క్యారీని తీసుకుపోయిన హర్స్ట్‌వుడ్ యజమాని ఇనప్పెట్టెలోంచి పదివేల డాలర్లకు పైగా తీస్తాడు. మాంట్రియల్‌లో తన జాడ పట్టాక 9,500 తిప్పి పంపి 1,300 ఉంచుకుంటాడు. న్యూయార్క్‌లో అది కరుగుతూ వస్తుంది. గడ్డం గీసుకోవడం మానేస్తాడు, కిటికీ పక్క కుర్చీలో పేపరు పట్టుకుని కూర్చుండిపోతాడు. చివరికి పదిహేను సెంట్ల గదిలో గ్యాస్ తిప్పుకుని పడుకుంటాడు. ఆ పేజీలు చదివాక అతని మీద తీర్పు చెప్పడానికి నాకు నోరు రాలేదు.

మనిషిని అతని గుణం ఒక్కటే నడపదని, ఊరూ ఆకలీ చేతిలో సొమ్మూ కలిసి నడుపుతాయని డ్రైజర్ లాంటి నేచురలిస్టు రచయితల నమ్మకం. డ్రైజర్‌కు ఆ పాఠం ఇంట్లోనే దొరికింది. పెద్ద సంసారం, తీరని లేమి. ఆయన అక్క ఒకామె యజమాని డబ్బు కాజేసిన మనిషితో వెళ్లిపోయింది. తమ్ముడు ఆమెను తిట్టకుండా నవల రాశాడు. అందులో క్యారీకి శిక్ష పడకపోవడం ప్రచురణకర్తకే మింగుడుపడలేదు. 1900లో వేసిన వెయ్యిన్ని ఎనిమిది ప్రతుల్లో 456 అమ్ముడుపోయాయి. డ్రైజర్ కుంగిపోయాడు. రెండో నవల రావడానికి పదకొండేళ్లు పట్టింది.

మన వట్టికోట ఆళ్వారుస్వామిదీ ఈ చూపే. ఇళ్లలో వంటచేసి, హోటల్లో సర్వర్‌గా బతికి, పుస్తకాల మూట భుజాన మోసి అమ్మినవారాయన. తనతో జైల్లో ఉన్న ఖైదీల గురించి ‘జైలు లోపల’ కథలు రాస్తూ ఒకదానికి ‘పరిసరాలు’ అనీ, ఇంకోదానికి ‘విధిలేక’ అనీ పేర్లు పెట్టారు. నేరం కన్నా ముందు, ఆ మనిషిని అక్కడికి తోసినదేదో చూశారు. ఆ రెండు పేర్ల దగ్గర నేను చాలాసార్లు ఆగిపోయాను.

మొన్న సాయంత్రం విద్యానగర్‌లో టులెట్ బోర్డు కింద ఒకమ్మాయి ఫోన్లో మాట్లాడుతోంది. “నాయినా, కిరాయి నాలుగువేలంట. రెండు నెలల అడ్వాన్సంట.” పక్కన బ్యాగు, బియ్యం సంచి. ఇంటికొచ్చి నోట్‌బుక్కులో నాలుగువేలని రాశాను. ఆమె చేతిలో ఎంతుందో రాయాల్సిన చోట ఖాళీ వదిలాను.