నీరటి లేని నీటి సంఘం

చెరువు అందరిదీ అనే మాట ప్రభుత్వ కాగితాల్లో, స్వచ్ఛంద సంస్థల నివేదికల్లో తెగ వినబడుతోంది. రైతు, చేపలు పట్టేవాళ్లు, పక్షులు, సాయంత్రం కట్టమీద షికారుకొచ్చే పట్నపోళ్లు - అందరి అవసరాలనూ కూర్చొని మాట్లాడుకుని సర్దుకోవచ్చునంటున్నారు. సర్దుకోవచ్చు, కాదనం. కాని ఆ కూర్చునే చోట చాప ఎవరికి వేస్తారు, కట్ట కింద ఎవర్ని నిలబెడతారు? ఈ ప్రశ్న అడగని 'భాగస్వామ్యం' కులం ఊసెత్తకుండా ఊరి గురించి చెప్పే కథలాంటిదే.

1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సాగునీటి నిర్వహణను రైతులకు అప్పగిస్తూ చట్టం చేసింది. ఆ ఏడే పది వేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలకు ఎన్నికలు జరిగాయి. పేరుకు వినియోగదారులు, ఓటు మాత్రం ఆయకట్టులో భూమి ఉన్నవాళ్లకు. కౌలుదారుకు చట్టంలో చోటుంది, అయితే కౌలు కాగితం మీద ఉండాలి. మన ఊళ్లలో కౌలు నోటిమాట మీద నడుస్తుందని చట్టం రాసినోళ్లకు తెలియదా? నాట్లేసే కూలి ఆడమనిషి, గొడ్లకు నీళ్లు తాపేవాడు, బట్టలుతికే రజకులు - వీళ్లకు నీళ్లతో పనుంది గాని నీళ్ల మీద మాట లేదు.

అసలు విడ్డూరం నీరటి విషయంలో ఉంది. తెలంగాణ చెరువుల కింద తూము తెరిచి మూసేది, ఏ మడికి ఎంతసేపు నీళ్లు పారాలో చూసేది, వానాకాలం రాత్రిపూట కట్ట మీద తిరిగి ఎక్కడ ఊట పడుతుందో, ఎక్కడ బొరియ పడిందో కనిపెట్టేది నీరటే. చాలా ఊళ్లలో ఆ పని మాల, మాదిగలదే. నీళ్లు తక్కువైన ఏడు ఎన్నెకరాలకు సరిపోతాయో మత్తడి వైపు చూసి చెప్పగలిగినవాడు కళ్లం దగ్గర చేయి చాచి మేర గింజలు తీసుకోవలసి వచ్చింది. ఇదే తెలివి యూనివర్సిటీలో జలశాస్త్రం అయింది, వాడలో వెట్టి అయింది. పాత పద్ధతి గొప్పదని పాట పాడాల్సిన పనేం లేదు. దొర మడి తడిశాకే మిగతా మళ్లు తడిసేవి. అయితే పాత వెట్టిని పోగొట్టేటప్పుడు ఆ తెలివికి జీతం, ఓటు ఇవ్వాలని సంస్కర్తలకు తోచలేదు.

2015లో మొదలైన మిషన్ కాకతీయను చూడండి. నలభై ఆరు వేలకు పైగా చెరువుల పునరుద్ధరణ దాని లక్ష్యం. పని అవసరమైనదే. పూడిక తీసే ఖర్చు ప్రభుత్వానిది, మన్ను తోలుకునే ఖర్చు రైతుది. మరి చెలక లేనివాడు ఆ ఒండ్రును ఎక్కడ పోసుకోవాలి? కొన్ని చెరువుల్ని మినీ ట్యాంక్‌బండ్‌లుగా మార్చారు. సిద్దిపేట కోమటిచెరువులో పడవలు తిరుగుతున్నాయి. పేదోళ్ల పిల్లలూ పడవ ఎక్కుతారు, అందులో తప్పు వెతకక్కర్లేదు. చిక్కు నీటి మట్టం దగ్గర. పడవకు నీళ్లు నిలవాలి. వరికి నీళ్లు తూము దాటాలి. శిఖం భూమిలో గింజలు చల్లుకునేవాడికి నీళ్లు వెనక్కి పోవాలి. బురదలో మేసే కొంగకూ ఒడ్డు తేలాలి. చేపకు ఎండాకాలం కూడా మడుగు మిగలాలి. ఈ తగవును 'సమన్వయం' అని ఒక్క ముక్కలో తేల్చేస్తే గెలిచేది బలమున్నవాడే.

నీళ్ల దగ్గర నోరు తెరవడం అందరికీ ఒకటే ఖరీదు కాదు. 1985 జూలైలో కారంచేడులో మాదిగలు తాగే చెరువును గొడ్ల కోసం పాడుచేస్తుంటే అడ్డు చెప్పడంతో గొడవ మొదలైంది. మర్నాడు కమ్మ భూస్వాములు పల్లె మీద పడి ఆరుగుర్ని చంపారు. అక్కడ దళితులు అడిగింది తాగునీళ్లు శుభ్రంగా ఉండాలనే. నేటి పరిభాషలో అది పర్యావరణ పరిరక్షణ. పర్యావరణ చరిత్రలు రాసేవాళ్లు కారంచేడును ఎందుకో ఆ వరసలో పెట్టరు.

2024 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో నీటి సంఘాలకు మళ్లీ ఎన్నికలు జరిగాయి. ఓటర్ల జాబితా మళ్లీ భూమి రికార్డుల నుంచే వచ్చింది. ఆ జాబితాను చెరువు మీద బతికే ఇళ్ల నుంచి రాయాలి, ఆడవాళ్ల పేర్లతో సహా. తూము తాళం ఎవరి దగ్గరుండాలి, చేపలకూ కొంగలకూ ఎన్ని అడుగుల నీళ్లు వదలాలి, పడవల మీద వచ్చే డబ్బులో నీరటి జీతమెంత అన్నవి ఆ జాబితాలో ఉన్నవాళ్లు ఓటేసి తేల్చాలి.