కొల్లూరు మట్టి మోసినదెవరు?

‘హరిహర వీరమల్లు’ మొదటి భాగం 2025 జూలై 24న విడుదలైంది. నరసరావుపేటలో మా విద్యార్థులతో కలిసి చూచాను. మరునాడు తరగతిలో ఒక కుర్రవాడు లేచి, “మాస్టారూ, కోహినూరు మనదే గదా! మనవాడు వెళ్ళి తెచ్చుకుంటే దొంగతనం ఎట్లా అవుతుంది?” అని అడిగాడు. అతని కుటుంబానిది పులిచింతల జలాశయం కింద మునిగిన గ్రామాలలో ఒకటి. నేను వెంటనే సమాధానం చెప్పలేకపోయాను. ఆ సమాధానం కోసమే ఈ వ్యాసం.

చిత్రకథ 17వ శతాబ్దానిది. ఉన్నవాణ్ణి దోచి లేనివానికి పెట్టే గజదొంగ వీరమల్లు. మచిలీపట్నం రేవు, వజ్రాల వర్తకం, పంచమితో ప్రణయం, చివరకు ఢిల్లీ నుంచి కోహినూరు తెమ్మని గోల్కొండ నవాబు ఆజ్ఞ. దర్శకులు ఇద్దరు: క్రిష్, జ్యోతికృష్ణ. తెలుగు తెర మీద కృష్ణాతీరపు వజ్రాల ఊసు ఎత్తినందుకు ఈ చిత్రాన్ని అభినందించవలసిందే. సాహసప్రణయ కథలన్నీ అభివృద్ధి నిరోధకాలని నేను అనను. బందిపోటు కథను జనం ప్రేమించడంలో ప్రభువుల మీద వారి కసి ఉన్నది. ఆ కసిని ఈ చిత్రం ఎటు మళ్ళించింది? నా ప్రశ్న అది.

కోహినూరు కొల్లూరు గనిలో దొరికిందని ప్రతీతి. 17వ శతాబ్దం మధ్యకాలంలో ఈ గనిని చూచిన ఫ్రెంచి వర్తకుడు తవెర్నియే ఇక్కడ దాదాపు 60,000 మంది పనిచేస్తున్నారని వ్రాశాడు. పురుషులు తవ్వుతారు; స్త్రీలు, పిల్లలు మట్టి మోస్తారు. మరొక గని గురించి అతడు చెప్పిన మాట ఇంకా కఠోరమైనది. కూలివాని సంపాదన ఏడాదికి మూడు వరహాలు. ఏబదిమంది కూలీల మీద పన్నెండు నుంచి పదిహేనుమంది కావలివాళ్ళు. ఒంటిమీద గోచీ తప్ప మరేమీ లేని కూలివాడు రాయిని దాచుకోవాలంటే మింగవలసిందే. మన చరిత్రలోని అసలైన వజ్రాల దొంగ వాడే. వానికి గుర్రం లేదు, కత్తి లేదు, పాట లేదు. తల మీద మట్టితట్టతో ఉన్న స్త్రీకి ప్రణయకథా లేదు.

సముద్రపు దోపిడీ మాటకు వద్దాం. ఇంగ్లీషు కంపెనీ 1600లో రాణి పట్టా పుచ్చుకొని, 1611లో మచిలీపట్నంలో కోఠీ పెట్టింది. 18వ శతాబ్దం తొలి సంవత్సరాలలో మద్రాసు గవర్నరు థామస్ పిట్ కృష్ణాతీరపు గనిలో దొరికిన 410 కారట్ల రాయిని ఒక వర్తకుని దగ్గర కొన్నాడు. దాని వెనుక ఒక కథ ప్రచారంలో ఉన్నది. ఒక గనికూలీ ఆ రాయిని తన కాలిపుండులో దాచుకొని రేవు చేరాడట. సగం విలువ ఇస్తాననీ, ఓడ ఎక్కించమనీ ఇంగ్లీషు కెప్టెనును వేడుకున్నాడట. కెప్టెను రాయిని లాక్కొని అతణ్ణి సముద్రంలోకి తోయించాడట. ఇది రుజువైన చరిత్ర కాదు. తరువాతి కథ మాత్రం చరిత్రే. 1717లో పిట్ దానిని ఫ్రాన్సు రాజప్రతినిధికి అమ్మాడు. ఆ ధనంతో పైకి వచ్చిన వంశంలో అతని మనుమడు బ్రిటన్ ప్రధానమంత్రి అయినాడు. రాయి నేడు పారిస్‌లో లూవ్ర్ ప్రదర్శనశాలలో ఉన్నది. ప్రణయం, సాహసం, ఓడదొంగతనం, వలసదోపిడీ — సినిమాకు కావలసినవన్నీ ఈ కాలిపుండు కథలో ఉన్నాయి. నాయకుడు చనిపోతాడు, మన పరిశ్రమకు అదొక్కటే అడ్డు.

చిత్రం ఆ దారిన పోలేదు. ఉత్తరార్ధంలో వజ్రం వెనుకబడి మతం ముందుకు వచ్చింది. ఔరంగజేబు 1679లో జిజియాను మళ్ళీ విధించిన మాట నిజం; అతణ్ణి సమర్థించే పని మనకు లేదు. అయితే పన్నును మతానికి మాత్రమే చెందిన అన్యాయంగా చూపితే, గని గుత్తాకు పుచ్చుకున్న వర్తకుడూ, రాజభాగం గుంజుకున్న గోల్కొండ కొలువూ, రేవులో కాచుకున్న కంపెనీ తెర చాటుకు తప్పుకుంటారు. పన్ను కోసం ప్రాణమిచ్చిన మనిషి పల్నాడుకు కొత్త కాదు. 1922లో పుల్లరి పోరాటంలో ఒరిగిపోయిన కన్నెగంటి హనుమంతు ఎదిరించింది పరమతాన్ని కాదు, పశువుల మేతను కూడా పన్ను చేసిన ప్రభుత్వాన్ని.

ఇక ఆ కుర్రవానికి నా సమాధానం. 1739లో నాదిర్షా కోహినూరును కొల్లగొట్టాడు. 1849లో కంపెనీ పదేళ్ళ దులీప్ సింగు చేత సంధిపత్రం మీద దానిని వ్రాయించుకున్నది. ఇద్దరూ దొంగలే, రెండవవాడు కాగితం చూపించాడు, అంతే. కాని దాని మీద ‘మనది’ అని అనగల హక్కు మొదట ఎవరిది? గోల్కొండ నవాబుదీ కాదు, ఢిల్లీ పాదుషాదీ కాదు, నవాబు కోసం దానిని తేబోయే వీరునిదీ కాదు. తట్టలు మోసిన ఆ అరవైవేల మందిది. వారి పేర్లు ఏ గ్రంథంలోనూ లేవు. వారి గని ఇప్పుడు నీళ్ళ కింద ఉన్నది. నాయనా, నీ ఊరూ అక్కడే ఉన్నది. ఆ కథ వ్రాయవలసినవాడివి నువ్వే.