దొంతర తెలిసిన చేతులు

కోలార్ ఏపీఎంసీ (వ్యవసాయ మార్కెట్) యార్డులో టమాటా వేలం 15 కిలోల పెట్టె లెక్కన సాగుతుంది. చూడడానికి వచ్చేవాళ్లంతా వేలం పాట దగ్గరే ఆగుతారు. పత్రికలూ ధర గురించే రాస్తాయి. 2023 జూలైలో పెట్టె ధర రెండు వేలు దాటినప్పుడు దేశమంతా కోలార్ పేరు విన్నది. నేను మాత్రం వేలం ముగిశాక మొదలయ్యే పని కోసం వెళ్తాను. కొన్న సరుకును ఏరి, మళ్లీ నింపి, లారీకి ఎత్తే పని అది. ఇక్కడినుంచి కోల్‌కతా సుమారు 1,800 కిలోమీటర్లు. దారిలో ఎదురయ్యే ప్రతి గుంతనూ, ప్రతి బ్రేకునూ, పగటి ఎండనంతా యార్డులోనే ఊహించి లోడు కట్టాలి.

ముందు పెట్టెను చూడాలి. ప్లాస్టిక్ పెట్టెకు నాలుగు మూలలే స్తంభాలు. దాని అడుగున ఉన్న మెట్టు కింది పెట్టె అంచులో సరిగ్గా కూర్చుంటుంది. పైబరువంతా మూలనుంచి మూలకు దిగుతూ లారీ నేలకు చేరుతుంది. కాయ మీద దాని పెట్టెలోని తోటి కాయల బరువు తప్ప ఇంకేదీ పడకూడదు. అందుకే నింపే ఆడవాళ్లు అంచుకు వేలెడు కిందనే ఆపుతారు. ఒక్క కాయ అంచు దాటి లేచినా పై పెట్టె దాని మీదే కూర్చుంటుంది. చితికిన ఆ కాయ రసం కిందున్న పెట్టెలన్నిటిలోకీ కారుతుంది. అందుకే, పెట్టె అంచు మీద అరచెయ్యి ఒక్కసారి అలా రాసి వదిలే వాళ్ల చెయ్యి నాకు కొలబద్దలా కనిపిస్తుంది.

వడ్ల బస్తాలైతే ఒక వరస నిలువు, ఒక వరస అడ్డం వేసి, గోడలో ఇటుకల్లా ఒకదానితో ఒకటి పెనవేస్తారు. పెట్టెను అలా వేస్తే మూల మీద మూల పడదు, కింది కాయ నలుగుతుంది. కాబట్టి పెట్టెల దొంతర తిన్నగా లేవాల్సిందే. అడుగు వరసలో పెట్టె ఎటు తిరిగి ఉంటే చివరి వరస దాకా అటే.

అసలు తెలివంతా ఆ అడుగు వరసలోనే ఉంది. విరివిగా వాడే పెట్టె ఒకటి 54 సెంటీమీటర్ల పొడవు, 36 వెడల్పు. అంటే మూడుకు రెండు. లారీ బాడీ లోపల ఏడున్నర అడుగుల వెడల్పు ఉందనుకుందాం. పెట్టెలను అడ్డంగా పెడితే వరసకు నాలుగు, నిలువుగా పెడితే ఆరు. నాలుగు 54లు 216, ఆరు 36లు కూడా 216! ఎటు తిప్పినా వెడల్పు ఒక్కలాగే నిండుతుంది. తేడా పొడవులోనే: అడ్డం వరస 36 సెంటీమీటర్లు తింటుంది, నిలువు వరస 54. ఇరవై అడుగుల బాడీ అంటే దాదాపు 609 సెంటీమీటర్లు. అన్నీ అడ్డం వేస్తే పదహారు వరసలు పట్టి, వెనక 33 సెంటీమీటర్ల ఖాళీ మిగులుతుంది. పెట్టె పట్టదు, దొంతర వెనక్కి వాలడానికి మాత్రం చాలు. అదే ఒక్క వరసను నిలువుకు తిప్పితే ఖాళీ 15కు తగ్గి, అడుగున 64 పట్టిన చోట 66 పడతాయి. పదకొండు వరసల ఎత్తుకు అది 22 పెట్టెలు, 330 కిలోలు. ఆ 2023 జూలై ధరకైతే 44 వేల రూపాయల సరుకు.

పైన నిలబడ్డ మేస్త్రీ ఈ గుణకారం చెయ్యడు. బాడీని ఒకసారి చూసి, "తిప్పు, అన్నా" అంటాడు.

కోలార్ బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో మాది కోరమండల్. మా వాళ్లకు ఈ చూపు కొత్తది కాదు. 2001 ఫిబ్రవరి 28న మూతపడేదాకా ఆ గనుల్లో, బంగారం తీసేసిన చోట కొండ కుంగకుండా గ్రానైట్ రాళ్లు పేర్చి గోడలు లేపేవాళ్లు. ఖాళీని చూసి దానికి తగిన రాయిని ఎంచుకునే కన్ను అది. ముప్పై కిలోమీటర్ల దూరంలోని ఈ యార్డులో నిలబడినప్పుడల్లా నాకు ఆ గోడలే గుర్తొస్తాయి.

ఎత్తడంలోనూ ఒక క్రమం ఉంది. తల మీద గుడ్డను చుట్టకుదురుగా పెట్టుకున్న హమాలీ లారీ అంచు దాకా తెస్తాడు. రెండోవాడు అందుకుంటాడు, మూడోవాడు దించుతాడు. క్యాబిన్ వైపు దొంతరలు నిండుగా లేస్తుంటే, వాటి ముందున్నవి మెట్లు మెట్లుగా పొట్టిగా ఉంటాయి. ఆ మెట్లే నిచ్చెన. కాలు అంచు మీదే పడాలి, కాయ మీద కాదు. కుడి ఎడమలు సమానంగా పెరగాలి. బరువంతా వెనక ఇరుసు దాటి పేరుకుంటే ముందు చక్రాలు తేలికై స్టీరింగు మాట వినదు. అడుగున 66, ఎత్తున పదకొండు అంటే మొత్తం 726 పెట్టెలు, వాటిలో సరుకు 10,890 కిలోలు. ఖాళీ పెట్టె కిలోన్నర తూగినా మరో 11 క్వింటాళ్లు కలపాలి.

లారీలో అదురు అన్నిచోట్లా ఒకేలా ఉండదు. వెనక కొసన, అందులోనూ పై వరసలో, ఎక్కువ. అక్కడి కాయ గుంత తగిలినప్పుడల్లా క్షణం పాటు గాల్లోకి లేచి, తిరిగి, తోటి కాయకు రాసుకుంటుంది. రంగు తిరుగుతున్న గట్టి కాయ పెట్టెలు అక్కడికి వెళ్లాలి. పండుతున్నవి ముందుకు, కిందికి. పైగా కోసిన కాయ కూడా ఊపిరి తీస్తూనే ఉంటుంది, వేడి వదులుతుంది. పెట్టె పక్కల చిల్లులు అందుకే. వెడల్పులో మిగిలిన 12 సెంటీమీటర్లను ఒక్క వైపే వదలకుండా రెండు పక్కలా పంచితే గాలి దొంతరల వెంబడి పారుతుంది. అక్కడక్కడ కట్టె ముక్క దూర్చితే దొంతర ఒరగదు. బిగుతూ కావాలి, గాలీ కావాలి. ఈ రెంటినీ కుదర్చడమే ఈ పనిలో నాకు అన్నిటికన్నా కష్టమనిపిస్తుంది.

ఇక తాడు. టార్పాలిన్‌ను నెత్తిన కప్పి, గాలి తగలడానికి పక్కలు కొంత ఎత్తి ఉంచుతారు. తాడు బాడీ కింది కొక్కెం నుంచి పైకెక్కి, అవతలి కొక్కేనికి దిగి, మళ్లీ ఏటవాలుగా తిరిగి వస్తుంది. తాడు రాసుకునే అంచుల దగ్గర గోనెపట్టా మడత. ఇద్దరు వెనక్కి వాలి లాగుతుంటే మూడోవాడు ముడి వేస్తాడు, తాడును వేలితో మీటి చూస్తాడు.

అంత బిగించినా, లారీ కదిలాక పెట్టెలు ఒకదానిలో ఒకటి ఇంకా సర్దుకుంటాయి. తాడు వదులవుతుంది. అది తెలిసిన డ్రైవరు ముళబాగిలు దాటి, నంగలి దగ్గర ఆంధ్రా సరిహద్దు రాకముందే బండి పక్కకు తీసి దిగుతాడు. చుట్టూ తిరిగి ఒక్కో తాడునూ మీటి చూసి, వదులైన చోట మళ్లీ లాగి కడతాడు.