జాతి కాదు, అవస్థ: మూర్తిమత్వ భేద సిద్ధాంతం – తెలుగు పాత్ర విమర్శ

ఉపోద్ఘాతం

తెలుగు కథా నవలా విమర్శలో పాత్రచిత్రణను చర్చించేటప్పుడు ‘ఇతడు అంతర్ముఖి’, ‘ఈమె బహిర్ముఖి’ అనే తీర్పులు తరచుగా ఎదురవుతాయి. పాత్ర లక్షణాలను నాలుగైదు సన్నివేశాల నుండి ఏరి చూపి, వాటికొక మనోవైజ్ఞానిక నామం తగిలించడంతో పరిశీలన ముగుస్తుంది. ఈ పద్ధతి మనకు కొత్త కాదు. లక్షణ గ్రంథాలను ఆధారం చేసుకొని నాయకుణ్ణి ధీరోదాత్తుడనో, ధీరలలితుడనో నిర్ణయించి విరమించిన వ్యాఖ్యాన సంప్రదాయమే కొత్త పరిభాషలో కొనసాగుతున్నది. పేరు పెట్టడం వర్గీకరణ అవుతుంది గాని విమర్శ కాదు. పాత్ర అలా ఎందుకున్నది, మరోలా ఎందుకు కాలేకపోయింది అన్న ప్రశ్నలు అక్కడ మిగిలిపోతాయి.

మూర్తిమత్వ భేద సిద్ధాంతంలో విమర్శకు పనికివచ్చేది వర్గాల పట్టిక కాదని, మనోవ్యాపారాల వికాసాన్ని గురించిన భాగమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఆ భాగానికి మన అలంకారశాస్త్రంలోనే ఒక పూర్వరూపం ఉన్నదని చూపి, మనుచరిత్రలోని ప్రవరుణ్ణి, 1940ల నాటి రెండు తెలుగు నవలల నాయకులను ఆ వెలుగులో పరిశీలిస్తుంది. చివరగా, ఆలూరు వంటి మెట్టప్రాంతపు జీవితం ఈ సిద్ధాంతాన్ని ఎక్కడ ప్రశ్నిస్తున్నదో సూచిస్తుంది.

యుంగ్ సిద్ధాంతంలో వికాసభావన

స్విస్ మనోవైద్యుడు కార్ల్ గుస్తావ్ యుంగ్ 1921లో ప్రకటించిన ‘సైకలాజికల్ టైప్స్’ ఈ చర్చకు మూలగ్రంథం. మనశ్శక్తి లోపలికి మళ్ళడం అంతర్ముఖత, వెలుపలి విషయాల వైపు మళ్ళడం బహిర్ముఖత. ఈ రెండు ధోరణులకు తోడు నాలుగు మనోవ్యాపారాలను యుంగ్ గుర్తించాడు. ఉన్నదాన్ని ఇంద్రియాలతో పట్టుకొనేది సంవేదన. అది ఏమిటో చెప్పేది ఆలోచన. దాని విలువను తూచేది అనుభూతి. దానికి ముందువెనుకల ఉన్న అవకాశాలను పసిగట్టేది అంతఃస్ఫురణ. ఇక్కడ అనుభూతి అంటే భావావేశం కాదు. మంచిచెడ్డలను, ఇష్టానిష్టాలను నిర్ణయించే వ్యాపారం. ఆలోచన, అనుభూతి ఒక జంట. సంవేదన, అంతఃస్ఫురణ మరొక జంట. రెండు ధోరణులతో నాలుగు వ్యాపారాలను కలిపితే ఎనిమిది వర్గాలు ఏర్పడతాయి.

అయితే యుంగ్ ఆలోచనలోని సారం ఈ ఎనిమిది గడులలో లేదు. జంటలో ఒకటి ప్రధానమైతే దాని ప్రతియోగి అవికసితంగా అచేతనంలో ఉండిపోతుందని, సమయం చూసుకొని మొరటుగా, పసితనంతో బయటపడుతుందని ఆయన వివరించాడు. పుట్టుకతో వచ్చిన మొగ్గు ఒక కారణం కాగా, మనిషిలోని ఏదో ఒక సామర్థ్యాన్నే సమాజం కోరి పెంచడం మరొక కారణం. ఆ ఏకపక్షత నుండి బయటపడి, వెనుకబడిన వ్యాపారానికి చోటివ్వడమే వ్యక్తి వికాసం. ఇదే గ్రంథంలో ఉపనిషత్తుల ద్వంద్వాతీత భావనను ఆయన చర్చించడం గమనార్హం. పరస్పర విరుద్ధాల నడుమ మార్గాన్ని వెదికే క్రమంలోనే ఆయన భారతీయ గ్రంథాల వైపు చూశాడు.

తరువాతి కాలంలో అమెరికాలో కాథరిన్ బ్రిగ్స్, ఆమె కుమార్తె ఇసబెల్ బ్రిగ్స్ మయర్స్ ఈ సిద్ధాంతాన్ని ప్రశ్నావళిగా మార్చి, పదహారు వర్గాలుగా విస్తరించారు. ఉద్యోగ శిక్షణ తరగతుల్లో నేడు వినిపించే నాలుగక్షరాల సంకేతాలు అక్కడివే. మనుషుల్లో ఎక్కువమంది రెండు కొసల నడుమ ఎక్కడో ఉంటారనీ, గీత గీసి ఇటూ అటూ విడదీయడం కృత్రిమమనీ ఆధునిక మనోవిజ్ఞానులు ఈ విధానంపై అభ్యంతరం చెప్పారు. ఆ అభ్యంతరం సమంజసమైనదే. కాని అది వర్గాల గడులకు తగిలినంతగా ఏకపక్ష వికాసమనే భావనకు తగలదు. సాహిత్య విమర్శకు కావలసింది ఆ భావనే.

ధనికుని హెచ్చరిక

పదవ శతాబ్దంలో ధనంజయుడు రచించిన దశరూపకం నాయకులను లలిత, శాంత, ఉదాత్త, ఉద్ధత భేదాలతో నాలుగు విధాలుగా విభజించింది. విద్యానాథుని ప్రతాపరుద్రీయం, తెలుగులో భట్టుమూర్తి కావ్యాలంకారసంగ్రహం ఈ విభజనను మనకు సుపరిచితం చేశాయి. దశరూపకానికి అవలోకమనే వ్యాఖ్య రాసిన ధనికుడు ఈ సందర్భంలో ఒక సూక్ష్మమైన మాట చెప్పాడు. లలితాది శబ్దాలు ఆయా గుణాలు ఆరోపితమైన అవస్థలను తెలిపేవే గాని, జాతిని తెలిపేవి కావు. ఒకే పశువును వయోభేదాన్ని బట్టి దూడ అని, కోడె అని, ముదురు ఎద్దు అని పిలిచినట్లే ఇదీ అని ఆయన దృష్టాంతం. భవభూతి మహావీరచరితంలోని పరశురాముడు ఒకచోట ఉదాత్తుడుగా, ఒకచోట ఉద్ధతుడుగా, మరొకచోట శాంతుడుగా కనిపించడాన్ని ఈ దృష్టితోనే సమర్థించాడు. ప్రధాన నాయకుని విషయంలో మాత్రం ఆరంభంలో చూపిన అవస్థను ప్రబంధమంతటా నిలుపుకోవాలన్నాడు.

ధనికునికీ యుంగ్‌కూ మధ్య ఉన్న దూరం చిన్నది కాదు. ఒకరు కావ్య నిర్మాణంలోని ఔచిత్యాన్ని చర్చిస్తున్నారు, మరొకరు చికిత్సానుభవం నుండి మాట్లాడుతున్నారు. అందువల్ల ఒకరిలో మరొకరిని చూడడం సాహసమే. అయినా వర్గనామం మనిషి స్థితిని చెబుతుందే గాని మనిషిని ముద్రవేసి బిగించదన్న విషయంలో ఇద్దరి మాటా ఒకటే. మన విమర్శ దశరూపకపు పట్టికను స్వీకరించినంతగా ధనికుని హెచ్చరికను స్వీకరించలేదు.

ప్రవరుడు: వికసించని కుతూహలం

అల్లసాని పెద్దన మనుచరిత్రలో ప్రవరుణ్ణి ధీరశాంతుడనడం సులభం. నిత్యకర్మలు, అగ్నిహోత్రం, అతిథిపూజ అతని దినచర్యను నిండుగా ఆక్రమించాయి. ఈ నిర్ణయం వరూధిని ఎదుట అతని నిగ్రహాన్ని వివరిస్తుంది. కాని అతడు హిమాలయానికి ఎందుకు వెళ్ళాడో వివరించదు. ఇల్లు కదలని ఈ గృహస్థు వచ్చిన ప్రతి అతిథినీ దూరతీర్థాల గురించి అడుగుతాడు. చూడని వాటిపై కుతూహలం అతనిలో బలంగా ఉన్నది. దాన్ని తీర్చుకొనే మార్గం మాత్రం వినికిడి తప్ప వేరొకటి లేదు. సిద్ధుడు పాదలేపం ఇవ్వగానే ఆ కుతూహలం ఒక్క ఉదుటున కార్యరూపం దాలుస్తుంది. నియమపాలనలో అంత జాగరూకుడైన మనిషి మంచునీటికి లేపం కరుగుతుందేమోనన్న ఆలోచన చేయడు. అవికసిత వ్యాపారం బయటపడే తీరు ఇదే: అది అలవాటైన వివేకాన్ని తన వెంట తీసుకుపోదు.

అతడు ఇంటికి చేరిన తరువాత కావ్యం అతణ్ణి విడిచిపెట్టి వరూధినినీ, మాయాప్రవరుణ్ణీ అనుసరిస్తుంది. ప్రవరుని రూపంలో వచ్చిన గంధర్వుణ్ణి అతని అణచివేసిన రెండో పార్శ్వంగా వ్యాఖ్యానించాలని అనిపించవచ్చు. కాని ఈ కథ మార్కండేయ పురాణం నుండి వచ్చినది. దాన్ని పెద్దన కల్పించిన మనోవిశ్లేషణగా చూపడం పొరపాటు. పురాణం ఇచ్చిన కథలో పెద్దన ప్రత్యేకంగా పెంచి పోషించింది ప్రవరుని ప్రయాణానికి ముందున్న ఆ తహతహను. విమర్శ నిలవవలసింది అక్కడ.

సీతారామారావు, దయానిధి

గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’, బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’ సమీప కాలంలో వెలువడిన నవలలు. వీటి నాయకులిద్దరినీ అంతర్ముఖులనడం పరిపాటి. ఆ మాట నిజమే అయినా, వారి మధ్య ఉన్న భేదాన్ని అది చెరిపివేస్తుంది.

సీతారామారావు ప్రతిదాన్నీ తర్కిస్తాడు. వంశప్రతిష్ఠ నిలపాలన్న తండ్రి మాట అతనిలో ఒక భావనగా నిలిచిందే తప్ప, లెక్క చూడడం, పని నేర్చుకోవడం, మనిషిని పోల్చుకోవడం అనే నైపుణ్యాలుగా మారలేదు. ఆస్తి కరిగిపోతున్నప్పుడు కూడా అతడు దాన్ని చూడడు, దాని గురించి వాదిస్తాడు. యుంగ్ పరిభాషలో ఇది సంవేదన, అనుభూతి రెండూ వెనుకబడిన ఆలోచన. అణచివేసిన అనుభూతి ఇంట్లో భార్యాబిడ్డల పట్ల క్రౌర్యంగా బయటపడుతుంది. శ్మశానంలో ముగిసే అతని కథలో కనిపించేది ఆలోచన లోపించడం కాదు. ఆలోచనకు తోడు లేకపోవడం.

దయానిధి విషయం వేరు. తల్లిని గురించి లోకం అన్న మాటల నీడలో పెరిగిన అతనికి ప్రేమ, విలువ, క్షమ అనేవే నిరంతర సమస్యలు. అతనిలో అనుభూతి పదునుగా ఉన్నది. లోకంతో వ్యవహరించే శక్తి ఆలస్యంగా మేలుకొంటుంది. వైద్యుడిగా, రాయలసీమలో వజ్రాల గనితో ముడిపడిన మనిషిగా అతడు చేతలలోకి దిగినప్పుడే తనతో తనకు కొంత సమాధానం కుదురుతుంది. సీతారామారావు ఒకే అవస్థలో బిగిసిపోయాడు. దయానిధి అవస్థ మార్చుకోగలిగాడు. ‘అంతర్ముఖి’ అన్న ఒక్క పేరు ఈ భేదాన్ని పట్టుకోలేదు, వికాసమనే ప్రశ్న పట్టుకుంటుంది.

ఆలూరు నుండి ఒక ప్రశ్న

ఈ సిద్ధాంతాన్ని ఇంతవరకు సమర్థించిన తరువాత దాని పరిమితిని కూడా చెప్పవలసి ఉన్నది. ఈ వ్యాసకర్తది ఆలూరు. 1953 వరకు బళ్ళారి జిల్లాలో ఉండి, ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు కర్నూలు జిల్లాలో చేరిన తాలూకా ఇది. వాన మీద ఆధారపడిన సేద్యం. వాన తప్పిన ఏడు కుటుంబాలకు కుటుంబాలు ‘సుగ్గి’కి, అంటే వలసకూలికి, గుంటూరు వైపు మిరప చేలకు తరలిపోతాయి. అలాంటి ఇళ్ళలో ముసలివాళ్ళతో, పసివాళ్ళతో మిగిలిపోయిన పెద్దకూతురు పన్నెండేళ్ళకే గింజలు కొలిచి పొదుపు చేయడం, అప్పులవాళ్ళకు జవాబు చెప్పడం, తమ్ముడి జ్వరాన్ని గుర్తుపట్టడం నేర్చుకుంటుంది. యుంగ్ లెక్కలో ఆమె సంవేదన, ఆలోచన, అనుభూతి మూడూ ఒక్కసారే పనిలోకి దిగాయి. ఇందులో పుట్టుకతో వచ్చిన మొగ్గు ఎంత, అవసరం నేర్పినదెంత అని విడదీయడం సాధ్యం కాదు. బడికి దూరమైన ఆమెలో ఏ వ్యాపారం వికసించకుండా ఉండిపోయిందో అడిగేవారు కూడా లేరు.

ఏకపక్షతను గుర్తించి సరిదిద్దుకోవడానికి తీరిక కావాలి. ప్రవరునికి నిశ్చింతగా గడిచే సంసారం ఉన్నది. సీతారామారావుకు కరగదీయడానికి ఆస్తి ఉన్నది. దయానిధికి చదువు ఉన్నది. అతడు తన్ను తాను తెలుసుకొన్న నేల మా మెట్టసీమే. అక్కడి జనం ఒకరిద్దరు మినహా ఆ నవలలో ఎక్కువగా గుంపుగానే కనిపిస్తారు. వాళ్ళ మనసులో ఏమున్నదో నవల తరచి చూడదు. ఇది బుచ్చిబాబుపై నింద కాదు. ఆయన దృష్టి ఒక వ్యక్తి చైతన్యంపై నిలిచినది. కాని ఆ వ్యక్తికి దక్కిన అంతరంగం ఎవరెవరికి దక్కలేదో గుర్తించడం విమర్శ బాధ్యత.

ముగింపు

పై పరిశీలన నుండి పాత్ర విమర్శకు మూడు ప్రశ్నలు లభిస్తున్నాయి. ఈ పాత్రలో ఏ మనోవ్యాపారం పెరిగింది? దాని ప్రతియోగి ఎప్పుడు, ఏ రూపంలో బయటపడింది? ఆ పెరుగుదలకు, ఆ వెనుకబాటుకు కులం, వృత్తి, లింగం, నేల ఏ మేరకు కారణమయ్యాయి? మొదటి రెండు ప్రశ్నలను యుంగ్ ఇచ్చాడు. వాటిని జాతినిర్ణయంగా మార్చుకోకూడదన్న వివేకాన్ని ధనికుడు ఇచ్చాడు. మూడవ ప్రశ్న మన సాహిత్యం, మన ఊళ్ళు అడుగుతున్నవి. రాయలసీమ కథానికలోని స్త్రీ పాత్రలను ఈ మూడు ప్రశ్నలతో చదివితే, ‘కష్టజీవి’, ‘ఓర్పుగల తల్లి’ అని మనం ఇంతవరకు ముద్రవేసి వదిలిన పాత్రలలో ఎన్ని వికాసాలు, ఎన్ని అడ్డగింపులు ఉన్నవో తెలిసే అవకాశం ఉన్నది. ఆ పని విస్తృత పరిశోధనను కోరుతున్నది.