మన రాయేగా!

గత మాసమున నరసరావుపేటలోని మా పాత యింటి ప్రహరీగోడ యొక మూల ఒరిగిపోగా, దానిని నిలువబెట్టుటకై వచ్చిన తాపీమేస్త్రీతో బస్తా ధరను గూర్చి నేను గొణుగుకొంటిని. ఆయన పార ఆపకయే, "సిమెంటంటే ఏముందయ్యా, మన రాయేగా! మన నేల తవ్వి, కాల్చి, పొడిచేసి, మళ్లీ మనకే అమ్ముతన్నారు" అనెను. ఆ మాటను అప్పుడు పరిహాసముగా గ్రహించితిని గాని, రాత్రి నిఘంటువు తెఱచి చూచిన పిదప ఆయన పలికినది ఆ పదము యొక్క చరిత్రయే యని తెలిసికొంటిని.

లాటినుభాషలో 'కయెదెరె' యనగా నఱకుట. దానినుండి పుట్టిన 'కయెమెంతుమ్' అను పదమునకు గనిలో కొట్టగా వచ్చిన మొరటు రాతిముక్క యని యర్థము. క్రీస్తుపూర్వము మొదటి శతాబ్దినాటి రోమను వాస్తుశాస్త్రకారుడైన విత్రూవియస్ ఈ మాటను రాతిముక్కలకే వాడెను గాని వానిని పట్టి నిలుపు సున్నమునకు వాడలేదు. కాలక్రమమున ఆ పేరు ముక్కలను విడిచి, వాని నడుమనున్న అడుసునకు సంక్రమించి, ఫ్రెంచిభాష మీదుగా ఇంగ్లీషును చేరునప్పటికి సిమెంటనగా అతుకునది యయ్యెను. కత్తెరను చెప్పు 'సిజర్స్' అను మాటయు ఆ నఱకు ధాతువునుండియే వచ్చినది కనుక, కోయునదియు కూర్చునదియు ఒక తల్లి బిడ్డలే యనవలెను. 1824లో జోసెఫ్ ఆస్ప్‌డిన్ అను ఇంగ్లండు తాపీపనివాడు సున్నపురాతిని బంకమట్టితో కలిపి కాల్చి చేసిన పొడికి పేటెంటు పొంది, గట్టిపడినపుడది పోర్ట్‌లండు రాతిని బోలియుండునని దానికి పోర్ట్‌లండు సిమెంటని పేరిడెను. మా ప్రహరీ ప్రక్కన పడియున్న ఖాళీ బస్తామీదను ఆ రాతి పేరే అచ్చువేయబడి యున్నది.

మన సున్నము మాత్రమేమి? చూర్ణమునకు వికృతి సున్నము, అనగా పొడి. రోమనులకు రాతిని నఱకుట కంటికి ఆనినది, మనవారికి దానిని పొడిచేయుట ఆనినది. ఇరువురును రాతికి చేసిన పనినిబట్టియే మాటను కట్టుకొనిరి. ఎడ్లను కట్టి గానుగలో నూరిన సున్నమునకు బెల్లపునీరు, కరక్కాయ కషాయము చేర్చి మన పెద్దలు గోడలు కట్టిరి. 'గానుగసున్నము' అనుమాట నేడు ముదుసలి మేస్త్రీల నోటనే వినబడుచున్నది.

ఈ మాటలన్నిటికిని మూలమైన రాయి పల్నాటి నేలయంతటను పఱచుకొని యున్నది. అమరావతి స్తూపమునకు, ఇక్ష్వాకుల విజయపురియైన నాగార్జునకొండకు శిల్పులు చెక్కిన లేతపచ్చని సున్నపురాయి పల్నాటిదే. పిడుగురాళ్ల బట్టీలలో కాలి సున్నమగుచున్నదియు, మాచర్ల దాచేపల్లి ప్రాంతముల కర్మాగారములలో సుమారు 1450 డిగ్రీల వేడిమికి ముద్దకట్టి, జిప్సముతో కలిసి నలిగి, బస్తాలకెక్కుచున్నదియు ఆ జాతి రాయియే. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగరము 124 మీటర్ల యెత్తున రాతికట్టడముగానే లేచినది. అందు పేర్చిన రాతిని విత్రూవియస్ చూచి యుండినచో, నడుమనున్న అడుసును గాక ఆ రాతినే సిమెంటని పిలిచియుండెడివాడు.

ఇంగ్లీషువారు స్నేహమును సైతము సిమెంటు చేయుదురు. మనము ఆ యర్థమును దెచ్చుకొనలేదు, దానికి మనకు కొఱతయు లేదు. మనము తెచ్చుకొన్నది వస్తువును, పిమ్మట దాని రంగును. గురజాల బట్టలకొట్టులో "సిమెంటు రంగు చీర చూపించండి" అని యడుగు ఇల్లాలికి, ఆ మాటను ఇంగ్లీషు నిఘంటువు ఎఱుగని యర్థమున వాడుచున్నానను తలంపే యుండదు. పరభాషాపదములు చొరబడి తెనుగును చెఱచుచున్నవని నొచ్చుకొను మిత్రులకు నేను చెప్పునది ఇంతే: ఏ మాటకు మనము సొంతముగా కొత్త యర్థము నిచ్చితిమో అది మనదైనది. పోయినదని దుఃఖింపవలసినది గానుగసున్నమువంటి మాట. ఏలయన దానితోపాటు ఒక పని కూడ పోయినది.

గోడ పూర్తియైన సాయంకాలము మేస్త్రీ తాపీ కడుగుకొనుచు, "వారం రోజులు పొద్దున, సాయంత్రం నీళ్లు కొట్టండయ్యా, ఆరనియ్యమాకండి" అని హెచ్చరించి పోయెను. సిమెంటు ఆరుటచేత గాక నీటితో కలిసి మార్పు చెందుటచేత గట్టిపడునని పుస్తకములు నాలుగు పుటలలో చెప్పినదానిని ఆయన ఒక్క వాక్యమున ముగించెను. మీ యూరిలో వృద్ధులైన మేస్త్రీలున్నచో, వారి మాటలను ఒక కాగితముపై వ్రాసియుంచుడని పాఠకులకు మనవి.