అద్భుత వీరగాథలలో వర్ణవివక్ష: అన్యాపదేశము, వాచ్యము

అద్భుతశక్తులుగల వీరుల చిత్రకథలు సాహిత్యవిమర్శకు తగిన వస్తువు కావని తలచువారు నేటికిని కలరు. అయినను 1938లో సూపర్‌మాన్‌తో అమెరికాలో ఆరంభమైన ఈ వాఙ్మయశాఖ, ఆ దేశమును చిరకాలముగా బాధించుచున్న వర్ణవివక్షను రెండు మార్గములలో చిత్రించినది. ఒకటి అన్యాపదేశము, రెండవది వాచ్యము. వాచ్యముకంటె వ్యంగ్యము మిన్న యనుట మన ఆలంకారికుల మర్యాద. కావున అన్యాపదేశమే ఉత్తమమార్గమని తోచుట సహజము. ఆ నిర్ణయము ఇచ్చట ఎంతవరకు నిలుచునో పరిశీలింతము.

అన్యాపదేశమునకు ప్రసిద్ధమైన ఉదాహరణము స్టాన్ లీ, జాక్ కర్బీలు 1963లో ప్రారంభించిన ‘ఎక్స్-మెన్’. ఇందలి వీరులు పుట్టుకచేతనే విలక్షణశక్తులు గలవారు. వారు రక్షించుచున్న లోకమే వారిని ద్వేషించును. ఈ ద్వేషము వర్ణద్వేషమునకు ప్రతిరూపమని పెక్కురు వ్యాఖ్యానించిరి. పుట్టుకయే నేరమగుట రెండింటికిని సాధారణధర్మము. బాధితులైన పలువర్గముల పాఠకులు ఇందు తమ్ము తాము చూచుకొనగలుగుట ఈ పద్ధతియందలి గుణమే.

అయితే ఇందు రెండు లోపము లున్నవి. తొలి బృందమునందలి శిష్యులు ఐదుగురును శ్వేతజాతివారే. స్టార్మ్ అను నల్లజాతి వనిత ఆ బృందమున చేరుట 1975లో జరిగినది. ఉపమానము రంగస్థలము నాక్రమింపగా ఉపమేయము తెరవెనుకనే నిలిచినది. రెండవ లోపము ఇంతకంటె గంభీరమైనది. సైక్లాప్స్ అను వీరుని చూపు గోడలను భేదింపగలదు. అట్టివానిని చూచి పొరుగువారు భయపడుటకు కొంత కారణము కలదు. నల్లజాతివానిని ద్వేషించుటకు అట్టి కారణ మేదియు లేదు. సాదృశ్యమును కడవరకు సాగించినచో, నిష్కారణమైన ద్వేషమునకు కథయే ఒక కారణమును కల్పించినట్లగును.

ఇక వాచ్యమార్గము. 1970లో డెన్నిస్ ఓనీల్ రచించి, నీల్ ఆడమ్స్ చిత్రించిన ‘గ్రీన్ లాంటర్న్’ కథలో ఒక నల్లజాతి వృద్ధుడు, అన్యగ్రహములందలి నానావర్ణములవారికి సాయపడిన నీవు నల్లవారికేమి చేసితివని వీరుని నిలదీయును. వీరుడు తలవంచుకొనును. ఆ ప్రశ్న ఆ యొక్క పాత్రకే కాక ఆ కథాసంప్రదాయమునకంతకును తగులును.

రాబర్ట్ మొరాలెస్, కైల్ బేకర్ల ‘ట్రూత్’ (2003) మరియొక అడుగు ముందుకు వేసినది. 1941లో అవతరించిన కెప్టెన్ అమెరికాకు బలమొసగిన ఔషధము వంటి దానిని సాధించుటకై నల్లజాతి సైనికులపై ప్రయోగములు జరిపిరని ఇందలి కల్పన. ఈ కల్పనకు చరిత్రలో పోలిక కలదు. అలబామా రాష్ట్రమునందలి టస్కిగీలో 1932 నుండి 1972 వరకు ప్రభుత్వ ఆరోగ్యశాఖవారు, సిఫిలిస్ వ్యాధిగ్రస్తులైన సుమారు 400 మంది నల్లజాతి పురుషులకు తగిన చికిత్స చేయక, వ్యాధిగతిని పరిశీలించుచు వచ్చిరి. పెనిసిలిన్ లభించిన పిదపను దానిని వారికి అందనీయలేదు. కథలో ప్రయోగమునకు తట్టుకొని మిగిలిన ఐజయా బ్రాడ్లీ, కెప్టెన్ అమెరికా దుస్తులు ధరించి యుద్ధమునకు పోయినందుకు కారాగారము పాలగును. ఒకని వీరుని చేసిన వస్త్రమే వేరొకని నేరస్థుని చేసినది. వస్తువును పేరుపెట్టి చెప్పినను ఇందు ధ్వని నశింపలేదు, మీదుమిక్కిలి బలపడినది.

వెలుగు కోరువాడు దీపశిఖను కాపాడుకొనునట్లు, వ్యంగ్యమును కోరు కవి వాచ్యమునందు శ్రద్ధ వహించునని ఆనందవర్ధనుడు చెప్పియే యున్నాడు. కావున పరిశోధకుడు అన్యాపదేశమును కనుగొనుటతో తృప్తిపడరాదు. ఆ సాదృశ్యము ఎవరి బాధను ఆధారముగా గొన్నదో, వారికి ఆ కథలో చోటు దక్కినదో లేదో విచారించుట విమర్శకుని విధి.