కళావిద్య - నూరుమంది నియమము

కర్నూలు జిల్లా ఓర్వకల్లు మండలమునందలి కేతవరము కొండరాళ్లపై చరిత్రపూర్వ మానవుడు లిఖించిన చిత్రములు కలవు. అక్షరముకంటె ముందే చిత్రమెఱిగిన ఆ సీమలో నేటి బాలునకు చిత్రలేఖనమును, సంగీతమును నేర్పువారెవ్వరు? ఇది విచార్యము.

2009 నాటి విద్యాహక్కు చట్టము 6 మొదలు 8వ తరగతి వఱకు గల పాఠశాలలకు కళావిద్యాబోధకుని విధించినది. కాని అనుబంధమున నొక నియమము కలదు. పిల్లల సంఖ్య 100కు మించినచోటనే ఆ బోధకుడు; అతడును పార్ట్‌టైము వాడు. గణితమునకు, భాషకు ఇట్టి తలలెక్క లేదు. అన్ని దశలందును కళలు పాఠ్యవిషయముగా నుండవలెనని 2005 జాతీయ పాఠ్యప్రణాళికా చట్రము చెప్పియుండగా, ఈ చట్టము కళను అదనపు అలంకారముగానే యెంచినదనక తప్పదు. దీనివలన నష్టపడునది చిన్నపల్లెయే.

చిన్నబడికి ప్రత్యేక బోధకుడు వ్యయకరమను ఆక్షేపణ త్రోసివేయదగినది కాదు. అయినను నాలుగైదు బడులకు కలిపి ఒక్కరిని నియమించి, వంతులవారీగా పంపవచ్చును. కర్నూలునందలి శారదా సంగీత కళాశాల పట్టణవాసులకు అందుబాటులో నున్నది. మెట్టపల్లె కూలివాని బిడ్డకు ఊరిబడి తప్ప వేఱు దారి లేదు.

ఇందు తెలుగు అధ్యాపకులకును సంబంధము కలదు. పద్యమును రాగయుక్తముగా విననివాడు గణములను లెక్కగానే నేర్చును. వాని నడక చెవికెక్కదు. కావున నూరుమంది నియమమును సవరింపుమని కోరుట మన శాఖల పనియే.